రక్తంలో చిరునామాలు

పైడితల్లి ఎడమ చేతి మీద, భుజానికి కాస్త కిందగా, ఉసిరికాయంత గడ్డ ఒకటి ఉండేది. అది ఆమె కోరి పెట్టించుకున్న గడ్డ.

విజయనగరం దాటాక వచ్చే గుర్రాలవలస వ్యాయామశాలలో ఆడపిల్లలకు బరువులెత్తడం నేర్పే మనిషి ఆమె. తనూ ఒకప్పుడు రాష్ట్రానికి పతకాలు తెచ్చింది. నలభై దాటాక కుడి రొమ్ములో కేన్సర్ బయటపడింది. ఆపరేషన్ చేసి తీసేశారు. మందులెక్కించారు. ఊడిపోయిన జుట్టు మళ్ళీ మొలిచింది. స్కానింగుల్లో మచ్చ కూడా లేదన్నారు. గండం గడిచిందని ఊరంతా అనుకుంది. ఆమె చెల్లెలు నీలవేణి మాత్రం అనుకోలేదు.

నీలవేణి విశాఖపట్నంలో ఒక కేన్సర్ పరిశోధనశాలలో శాస్త్రవేత్త. స్కానింగుకు కనపడనిదాన్ని వెతకడమే ఆమె ఉద్యోగం. గడ్డ తీసేసినా, అంతకుముందే దాన్నుంచి రాలిపడిన కణాలు కొన్ని రక్తంలో తిరుగుతూనే ఉంటాయి. కోట్ల రక్తకణాల గుంపులో ఒకటో రెండో. వాటిలో చాలావరకు దారిలోనే చస్తాయి. చావనివి ఏ ఊపిరితిత్తిలోనో, కాలేయంలోనో దిగి పాతుకుంటాయి. కేన్సర్ మనిషిని తీసుకుపోయేది చాలాసార్లు మొదటి గడ్డతో కాదు, ఈ వలసతోనే.

ఆ వలస కణాలను పట్టే పరికరాన్ని నీలవేణీ, ఆమె పై అధికారి డాక్టర్ భార్గవా ఏళ్ల తరబడి కష్టపడి తయారుచేశారు. పరిశోధనశాలలో అందరూ దాన్ని జల్లెడ అనేవారు. చూడ్డానికి అరచేతిలో పట్టే గాజుపలక. రక్తం దానిమీదుగా పారిపోయేది, కేన్సర్ కణం మాత్రం చిక్కుకునేది. చిక్కిన కణంలో జన్యువులు చదివితే అది ఏ అవయవం వైపు బయలుదేరిందో తెలిసిపోయేది. కొన్ని జన్యువులు మేలుకుని ఉంటే ఎముక. మరికొన్నయితే కాలేయం. వాటిని వాళ్ళు చిరునామాలనేవారు.

చిరునామా తెలిశాక చేతులు ముడుచుకుని కూర్చోవడం నీలవేణి వల్ల కాలేదు. కణం ఎముకను వెతుక్కుంటూ పోతోందంటే, దారిలోనే దానికి ఎముకలాంటిదొకటి కనిపిస్తే ఆగదా అన్నది ఆమె ఆలోచన. గింజంత స్పాంజిని ఎముక లోపలి మూలుగ వాసనతో తడిపి చర్మం కింద పెట్టింది. మొదట ఎలుకల్లో. కణాలు నిజంగానే అక్కడికొచ్చి చేరాయి, అక్కడే గడ్డ కట్టాయి. గడ్డ చర్మం కిందే ఉంటుంది గనక కత్తికి అందుతుంది. దానికి ఎర అని పేరు పెట్టారు. మనుషుల మీద పరీక్షకు అనుమతి వచ్చాక పన్నెండు మంది ముందుకొచ్చారు. అందులో పైడితల్లి ఒకతె. ఆ సంగతి ఆమె చెల్లెలికి చెప్పకుండా నేరుగా సర్జన్ దగ్గరికి పోయి పేరిచ్చింది. ఎర పెట్టించుకుని, చేతికి కట్టుతో నీలవేణి ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డాక గానీ బయటపెట్టలేదు.

"నాది ఏడో నంబరంట. గుర్తెట్టుకో."

"అప్పా, ఆ నంబరు నాకు చెప్పకూడదు. నేను చదివే రక్తం ఎవరిదో నాకు తెలియకూడదని నియమం."

"తెలిస్తే ఏటవుద్ది? అబద్ధం సదువుతావా?"

"చదవను."

"మరింకేటి. కాసిని టీ నీళ్ళెట్టు."

ఏడో నంబరు రక్తంలో చిక్కిన కణాలన్నిటి చిరునామా ఎముకే అని నీలవేణికి అప్పటికే తెలుసు. ఎముకల్లోనూ వెన్నుపూసలంటే వాటికి మరీ ఇష్టం. స్టవ్ ముందు నిలబడి ఆమె అక్క వీపు వైపు చూసింది. చిన్నప్పుడు ఆ వీపు మీదెక్కి ఊరంతా తిరిగింది.

ఎర పెట్టిన చేత్తో బరువులెత్తకూడదన్నారు. గడ్డ చుట్టూ లేత రక్తనాళాలు పుడతాయి, బలం పెడితే చిట్లుతాయి, లోపలున్నవి బయటపడతాయి. పిల్లలకు బార్ ఎత్తి చూపించే మనిషి కుడిచేత్తో కర్ర పట్టుకుని మోకాళ్ళ వంపు, నడుము వంపు చూపించడం మొదలుపెట్టింది. మూడు నెలలు గడిచేసరికి గడ్డ చొక్కా చేతుల్లోంచి కనపడసాగింది. అప్పుడు వచ్చాడు వ్యాయామశాల కమిటీ పెద్ద సింహాచలం. చెడ్డవాడు కాదు. పైడితల్లి పతకం తెచ్చిన రోజున డప్పులు కట్టించి ఊరేగించినవాడే.

"పైడమ్మా, గుంటల తల్లిదండ్రులు గొడవ పెడతన్నారు," అన్నాడు, ఆమె వైపు కాక గోడ వైపు చూస్తూ. "బతికున్న కేన్సర్నట, సేతి మీద ఎట్టుకు తిరుగుతందంట. అంటుకోదని నాకు తెలుసు. ఆళ్ళకి తెలవదు గదా. ఆ గడ్డేదో తీసీసినాక రా. నీ పని ఎక్కడికీ పోదు."

"తీసీసినాక ఇంకోటి ఎడతారు మావా. అది పెరిగినాక అదీ తీసి మరోటి ఎడతారు. నాను బతికినన్నాళ్ళూ ఇంతే."

"పోనీ నిండు సేతుల జాకెట్టు ఏసుకో."

పైడితల్లి కర్ర గోడకు ఆనించింది. "ఇది నా ఎన్నులో దాక్కోనుంటే మీకెవులికీ భయం నేదు. నాను దాన్ని బయటికీడ్సి, అందరికీ కనపడే సోట కట్టీసినాను. ఇప్పుడు భయమేస్తందా? నాను కప్పను మావా. సూడలేనోలు గుంటల్ని మానిపించుకోండి."

నలుగురు పిల్లలు మానేశారు. మిగతావాళ్ళు వచ్చారు. సింహాచలం మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మొదటి ఎరను కోసి తీసినప్పుడు దాని నిండా కణాలే. పైడితల్లి వెన్ను శుభ్రంగా ఉంది. పన్నెండు మందిలోనూ అదే తీరు. రెండోసారి ఎరలు పెట్టారు. దేశ విదేశాల నుంచి డాక్టర్ భార్గవకు ఫోన్లు రావడం మొదలైంది. ఫలితాలు ప్రకటించేందుకు సభ కూడా నిర్ణయించారు.

వానలు మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం నీలవేణి ఏడో నంబరు రక్తాన్ని జల్లెడ మీద పారించింది. మూడు కణాలు చిక్కాయి. ఒక్కదానికీ ఎముక చిరునామా లేదు. సంతోషంతో ఆమె కుర్చీలోంచి లేవబోయింది. ఆగి, అవి ఎటు బయలుదేరాయో చూసింది. మూడూ మెదడు వైపు.

ఇంకోసారి చదివింది. అదే. మిగతావాళ్ళ రక్తాలు వరసగా తీసి చూసింది. మరో ఇద్దరిలో అదే గుర్తు కనపడింది. ఆమెకు సంగతి అర్థమైంది. చేలో ఒక రకం కలుపును ఏరి పారేస్తే, మధ్యలో ఎక్కడో నక్కిన రెండో రకానికి చోటు దొరికి ఏపుగా లేచినట్టు, ఎముకకు పోయేవాటిని ఎర ఏరేసింది. మెదడు దారి పట్టినవి మిగిలాయి. అవే పెరుగుతున్నాయి.

డాక్టర్ భార్గవ తెర మీది గుర్తులను చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ముగ్గురిలోనే కదా. తొమ్మిది మందిలో లేదు. ఇంకో రెండు విడతలు చూద్దాం."

"ఈలోపు వాళ్ళకి చెప్పాలి సార్."

"ఏం చెప్తారు? మెదడుకు మన దగ్గర ఎర ఉందా?"

"తయారవుతోంది. ఎలుకల్లో సగం వాటికి పనిచేసింది."

"సగం." ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ముప్పై ఏళ్ళుగా రోగుల్ని చూస్తున్నాను నీలవేణి గారూ. చేతిలో మందు లేకుండా జబ్బు పేరు చెప్పడం వైద్యం కాదు. ఇంకో మాట. ఈ సంగతి బయటికొస్తే మనకు అనుమతిచ్చిన కమిటీ ప్రయోగం ఆపేయమంటుంది. ఎరలన్నీ తీయమంటుంది. ఎముకల దారి మళ్ళీ తెరుచుకుంటుంది. అప్పుడు పన్నెండు మందికీ ఏమైనా మీరే జవాబు చెప్పుకోవాలి."

ఆయన సభ గురించి ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే నీలవేణికి కోపమైనా వచ్చేది. ఆయన అన్నదాంట్లో నిజం ఉండటమే ఆమెను ఇబ్బంది పెట్టింది. ఆదివారం పొద్దున బస్సెక్కి గుర్రాలవలస వెళ్ళింది.

వ్యాయామశాలలో పిల్లలు వెళ్ళిపోయాక, పైడితల్లి బరువుల ప్లేట్లు ఒక్కొక్కటీ కుడిచేత్తో దొర్లించుకుంటూ గోడకు చేరుస్తోంది. నీలవేణి సాయం పట్టబోతే వద్దంది.

"మొహం అలాగుందేటి? సెప్పు."

నీలవేణి చెప్పింది. దాచకుండా, మెత్తబరచకుండా, భార్గవ మాటలతో సహా చెప్పింది. పైడితల్లి ఆఖరి ప్లేటు గోడకు ఆనించి, బెంచీ మీద కూర్చుని చెమట తుడుచుకుంది. నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, లోపల ఏదైనా తెలుస్తుందేమో అన్నట్టు నొక్కి చూసుకుంది.

"ఎన్నులోకొస్తే కూలబడిపోతాననుకున్నాను. బుర్రలోకొస్తే నిన్నే ఆనవాలు పట్టనేమో."

"అక్కడిదాకా ఇంకా పోలేదప్పా. రక్తంలోనే ఉన్నాయి."

"మిగతా ఇద్దరికీ సెప్పినావా?"

"లేదు. ముందు నీకు..."

"నాకెందుకు ముందు?" పైడితల్లి గొంతు హెచ్చింది. "నాను నీ అప్పననా? నాకొక్కదానికే సెప్తే అది దొంగతనం నీలా. ఆళ్ళూ నాలాగే సెయ్యి సాపినారు. అందరికీ సెప్పు."

"చెప్తే ప్రయోగం ఆపేస్తారు. నీ చేతిలోది తీసేస్తారు."

"తియ్యమను సూద్దాం."

రక్తాలు ఇచ్చే రోజున పన్నెండు మందీ పరిశోధనశాల హాల్లో కూర్చుని ఉంటారు. ఆ రోజు నీలవేణి అనుమతి ఎవరినీ అడగలేదు. హాల్లోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, వాళ్ళ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ముగ్గురి రక్తంలో జల్లెడ ఏం చూపించిందో చెప్పింది. తమ రక్తంలో కనపడిందో లేదో తెలుసుకోవాలనుకునేవాళ్ళు విడిగా తన గదికి రావచ్చంది. మెదడుకు ఎర ఒకటి తయారవుతోందని, అది మనిషిలో పనిచేస్తుందో లేదో తనకు తెలియదని కూడా చెప్పింది.

కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరైన సూరపునాయుడు, "పెట్టేటప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాడు.

"అప్పుడు మాకే తెలియదు బాబాయ్."

అందరూ గదికి వచ్చారు, ఒక్క మేరీ సుశీల తప్ప. ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సుగా పనిచేసిన మనిషి. హాల్లోనే కూర్చుండిపోయింది. ఆ ముగ్గురిలో ఒకరు ఆవిడే. పదకొండు మందీ వచ్చి వెళ్ళాక, వాళ్ళ మాటల్లో ఇద్దరే తేలడంతో, మూడో మనిషి తనేనని ఆవిడకే అర్థమైపోయింది. నీలవేణి చేతిసంచీతో బయటికి వస్తుంటే ఆపింది.

"నేనడగలేదు కదమ్మా," అంది నెమ్మదిగా. "నేను అడగలేదు."

నీలవేణి చేతిసంచీ కింద పెట్టి ఆవిడ పక్క కుర్చీలో కూర్చుంది.

భార్గవ చెప్పినట్టే జరిగింది. కమిటీ వెంటనే ప్రయోగం ఆపేసింది. ఎరలన్నీ తీసేయాలంది. అనుమతి లేకుండా రోగులకు ఫలితాలు చెప్పినందుకు నీలవేణిని జవాబు చెప్పుకోవడానికి పిలిపించింది. ఆమె ఆ గదిలోకి వెళ్ళేసరికి బల్లకు అటువైపు ఐదుగురు పెద్దలూ, పక్కన భార్గవా ఉన్నారు. ఆమె కూర్చోకముందే తలుపు మళ్ళీ తెరుచుకుంది. పైడితల్లి వచ్చింది. వెనక సూరపునాయుడు, ఆయన వెనక ఇంకా తొమ్మిది మంది. కుర్చీలు చాలక గోడ పొడవునా నిలబడ్డారు. మేరీ సుశీల రాలేదు.

"ఇది లోపలి సమావేశమమ్మా," అన్నాడు బల్ల వెనక పెద్దాయన.

"మా సేతులు మాకు లోపలే బాబూ," అంది పైడితల్లి. గడ్డ కనపడేలా చెయ్యి ముందుకు చాపింది. గోడ పక్కన అందరూ చేతుల మీది గుడ్డ పైకి లాగారు. ఒక్కొక్కరి చేతిమీద ఒక్కో గడ్డ. నిమ్మకాయంతది, శనగగింజంతది. "ఇయి తీసీమన్నారంట. ఎవుల్ని అడిగి? ఇది పెట్టినప్పుడు నా నోటితో ఒప్పుకున్నాను. తీసేటప్పుడూ నానే ఒప్పుకోవాల. నాను ఒప్పుకోను."

"మీ మంచికోసమే..."

"మా మంచికోసం ఒకలు దాసిపెడతామన్నారు. మా మంచికోసం ఇంకొకలు తీసీస్తామంటన్నారు. మా సెల్లొక్కర్తే మమ్మల్ని కూకోబెట్టి సెప్పింది. మాకు తెలిసినాది. తెలిసే అడుగుతన్నాం. ఎముకల ఎర ఉంచండి. మెదడు ఎర కావాల్సినోలికి ఎట్టండి. పన్జెయ్యకపోతే సచ్చిపోతాం. ఎలాగూ అందుకే గదా మీ గుమ్మం తొక్కినాం."

పెద్దాయన భార్గవ వైపు తిరిగాడు. భార్గవ ఎవరివైపూ చూడకుండా, బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని మాట్లాడాడు.

"వద్దన్న మనిషి శరీరంలోంచి దేన్నైనా కోసి తీయమని నేను ఏ సర్జన్‌కూ చెప్పలేను. మెదడు ఎర గురించి నీలవేణి గారు వాళ్ళకి ఉన్నదున్నట్టే చెప్పారు. నేనైతే చెప్పేవాణ్ణి కాను. నాకు ధైర్యం చాలేది కాదు."

మూడు రోజుల వాదన తర్వాత కమిటీ దిగివచ్చింది. ఎరలు ఎవరిష్టం వాళ్ళది. మెదడు ఎర కోరినవాళ్ళకు పెట్టొచ్చు. ప్రతి రక్తం ఫలితమూ చదివిన వారంలోనే రోగి అడిగితే చెప్పాలి, అడగకపోతే చెప్పకూడదు. సభ రద్దయింది. నీలవేణిని మాత్రం ప్రయోగం బాధ్యతల నుంచి తప్పించారు. తను కట్టిన జల్లెడ దగ్గర ఒట్టి చదివే మనిషిగా ఉండటానికి ఒప్పుకుంటే ఉండొచ్చన్నారు. ఉంటానంది.

మేరీ సుశీల ఎర తీయించుకుంది. ఇక రక్తం ఇవ్వలేదు. చర్చి పాటల బృందంలో పాడుకుంటూ ఉండిపోయింది. మరుసటి వేసవిలో మాట తడబడటం మొదలై, నెల తిరగకుండానే పోయింది. సమాధుల తోటలో నీలవేణి అందరికీ వెనకాల నిలబడింది. మట్టి వేసి తిరిగొస్తూ సుశీల కూతురు ఆమె ముందు ఆగింది.

"ఎవరూ చెప్పకపోతే మా అమ్మ ఈ ఏడాదంతా నిమ్మళంగా నిద్రపోయేది," అంది.

"అవునమ్మా," అంది నీలవేణి. క్షమించమని అడగలేదు. అడిగితే ఆ పిల్ల మీద ఇంకో భారం పెట్టినట్టవుతుందనిపించింది. ఇంటికొచ్చి ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే జల్లెడ దగ్గర కూర్చుంది.

తర్వాత తీసిన రక్తాల్లో గుర్తు కనపడినవాళ్ళతో కలిపి, మెదడు ఎర పెట్టించుకున్నవాళ్ళు ఏడుగురు. ఇద్దరిలో అది పట్టలేదు. ఐదుగురిలో పట్టింది. పైడితల్లికి కుడివైపు ఆపరేషన్ అయింది గనక ఆ చేతికి పెట్టకూడదన్నారు. అందుకని రెండోదీ ఎడమ చేతికే, మోచేతి కింద పెట్టారు. ఆ చేత్తో ఆమె ఇప్పుడు నీళ్ళ చెంబు కూడా ఎత్తడం లేదు. చెయ్యి సన్నబడిపోయింది. ఎక్కడికెళ్ళినా పొట్టి చేతుల జాకెట్టే వేసుకునేది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు లేచిపోతే కాళ్ళు చాపుకుని కూర్చునేది.

చలికాలంలో విజయనగరంలో రాష్ట్ర స్థాయి ఆడపిల్లల పోటీలు జరిగాయి. గుర్రాలవలస నుంచి ఆరుగురు వచ్చారు. వేదిక పక్కన నిలబడ్డ పైడితల్లి దగ్గరికి నిర్వాహకుడొకడు వచ్చి, మంత్రిగారు వస్తున్నారు, ఫొటోలు తీస్తారు, చేతి మీద శాలువా కప్పుకుంటారా అని మర్యాదగానే అడిగాడు.

"మంత్రిగారికి సలేస్తే ఆయనకి కప్పు," అంది పైడితల్లి.

అప్పుడే నీలవేణి జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ వచ్చింది. విశాఖ నుంచి నేరుగా వస్తోంది. ముందు రోజు చదివిన రక్తం గురించి చెప్పాలి. పైడితల్లి ప్రతిసారీ అడిగేది గనక, చెప్పకుండా ఉండే వీలు లేదు. వేదిక మీద గుర్రాలవలస పిల్ల ఒకతె చేతులకు సుద్దపొడి రాసుకుంటోంది.

"ఏటొచ్చింది?" అంది పైడితల్లి, పిల్ల మీంచి చూపు తిప్పకుండా.

"ఎముకవి లేవు. మెదడువి తగ్గిపోయాయి, ఒకటే చిక్కింది." నీలవేణి గుక్క తిప్పుకుంది. "కొత్తదొకటి ఉందప్పా. కాలేయం వైపు."

"ఎన్ని?"

"ఒకటి."

పిల్ల బార్ దగ్గర వంగింది. పట్టు సరిచూసుకుంది. పైడితల్లి ముందుకు ఒక అడుగు వేసి, "నడుం దించే, నడుం," అని కేకేసింది. పిల్ల నడుము దించింది. తర్వాత పైడితల్లి చెల్లెలి వైపు తిరగకుండానే అడిగింది.

"దానికి ఎర ఉన్నాదా?"

"లేదు. చెయ్యాలి. ఆర్నెల్లు పట్టొచ్చు. ఇంకా ఎక్కువే పట్టొచ్చు. అదీ పనిచేస్తుందని చెప్పలేను."

"సెయ్యి. ఆర్నెల్లు నాను ఆగుతాను."

"ఎడమ చెయ్యి నిండిపోయిందప్పా. కుడి చేతికి పెట్టకూడదు."

బార్ నేల మీంచి లేచింది. పిల్ల మోకాళ్ళు వణికాయి, నిలిచాయి. పైడితల్లి తన కుడి అరచేత్తో తొడ మీద ఫెడీమని చరిచింది. ఆ చప్పుడుకు ముందు వరసలో వాళ్ళు తిరిగి చూశారు.

"కాళ్ళు నేవేటే?" అంది. "ఇయెంత బరువు మోసినాయో నీకు తెలవదు."